మాట నేర్పకుండానే వచ్చిన పిల్లకు రాత ఎందుకు కష్టమవుతుంది?

ప్రశ్న (ఆమదాలవలస నుంచి ఒక తల్లి):

మా పాప రెండో తరగతి చదువుతోంది. బడిలో జరిగిన సంగతులన్నిటినీ సాయంత్రం మా అత్తగారికి పూసగుచ్చినట్టు చెబుతుంది. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, మాస్టారు ఎవరిని నిలబెట్టారో, మధ్యలో తాను ఏమన్నదో ఒక్కటీ వదలదు. అవే సంగతులను కాగితం మీద పెట్టమంటే మాత్రం రెండు మూడు వాక్యాల దగ్గర ఆగిపోతుంది. ఆ కాస్తలోనూ నీళ్ళను ‘నీల్లు’ అనీ, పెళ్ళిని ‘పెల్లి’ అనీ రాస్తుంది, మాటకూ మాటకూ మధ్య జాగా విడవదు. ఇంట్లో మాట్లాడే యాస వల్లనే ఇలా జరుగుతోందనీ, ముందు ఇంటి మాట మార్చుకోవాలనీ బడిలో చెప్పారు. మా అత్తగారు అక్షరం ముక్క తెలియని మనిషి. ఆవిడ మాట మారదు, మారాలని నాకూ లేదు. ఎవరూ నేర్పకుండానే మాట్లాడటం వచ్చిన పిల్లకు రాయడం ఇంత కష్టం ఎందుకవుతుంది? ఇంటి యాసకూ ఈ తప్పులకూ నిజంగా సంబంధం ఉన్నదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బొబ్బిలి నుంచి, పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడు):

అమ్మా, సంబంధం ఉన్నది గాని బడివారు అనుకున్నంత లేదు. చుట్టూ మాట్లాడేవారుంటే చాలు, ఏ పిల్లకైనా బడిలో అడుగుపెట్టే నాటికే తన భాష వ్యాకరణం చాలావరకు పట్టుబడి ఉంటుంది. రాత సంగతి వేరు. మెసొపొటేమియాలో మట్టి పలకల మీద సరుకుల లెక్కలు గీసిన నాటి నుంచి చూసినా దాని వయసు 5,000 ఏళ్ళకు కొంచెం పైన ఉంటుంది, అంతే. లిపి లేని భాషలు నేటికీ ఎన్నో ఉన్నాయి, మాట లేని జాతి మాత్రం ఎక్కడా లేదు. కనుక మాటను పిల్ల తనంతట తాను అందుకుంటుంది, రాతను మాత్రం ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పవలసిందే.

ఇక ‘నీల్లు’ విషయం. మన జిల్లాల్లో చాలా ఇళ్ళలో ళకారం లకారంగానే పలుకుతుంది కాబట్టి, మీ పాప విన్నదాన్ని విన్నట్టు రాసింది. చెవి ఇంత చక్కగా పనిచేస్తున్న పిల్లను అజాగ్రత్త పిల్ల అనడం అన్యాయం. పోనీ, యాస మార్చుకుంటే ఈ చిక్కు తీరుతుందా? ‘ఋషి’లోని ఋకారాన్ని రుకారం నుంచి వేరుచేసి పలికే తెలుగువారు ఇవాళ ఏ జిల్లాలో వెదికినా దొరకడం కష్టం, అయినా చదువుకున్నవారందరం దాన్ని ఋకారంతోనే రాస్తున్నాం. భాష అన్నప్పుడు భకారాన్నీ, ధర్మం అన్నప్పుడు ధకారాన్నీ రోజువారీ మాటల్లో నిజంగా ఒత్తి పలికేవారు ఎంతమంది? ఇవన్నీ మనం పుస్తకంలో పదేపదే చూసి కంటితో నేర్చుకున్నవే. మీ పాపకు ళకారం కూడా అలాగే వస్తుంది. దానికి కావలసింది బోలెడంత చదువుడు. ఇంటి నాలుకను సరిచేయడం వృథా శ్రమ.

జాగా విడవకపోవడం గురించి నేనైతే ఏమాత్రం కంగారుపడను. మాట్లాడేటప్పుడు పదాల మధ్య విరామం ఉండదు, సంధులు కలిసిపోయి అంతా ఒకే ధారగా వస్తుంది. మన పూర్వులు రాసినదీ అలాగే. శ్రీముఖలింగం శాసనాల్లో గాని తాటాకు ప్రతుల్లో గాని పదాలను విడదీసే జాగా కనబడదు. ఆ అలవాటు అచ్చు పుస్తకాలతో స్థిరపడింది. ‘రాయవలసి వచ్చింది’ అన్నదాన్ని కలిపి రాయాలా, విడదీయాలా అని అడిగితే నేటికీ ఇద్దరు పండితులు ఒక మాట మీదికి రారు. రెండో తరగతి పిల్లను నిందించడం ఎందుకు?

జవాబు (విజయనగరం నుంచి, విద్యాశాస్త్రం చదువుకున్న పాఠకురాలు):

మాస్టారు చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ అక్షరదోషాల కంటే, రెండు మూడు వాక్యాల దగ్గర ఆగిపోవడమే నాకు ముఖ్యమైన విషయంగా కనబడుతోంది. పాప నానమ్మ దగ్గర కూర్చుని “ఆడేటన్నాడో తెల్సా” అని మొదలుపెడుతుందనుకుందాం. నానమ్మ వెంటనే “ఎవుడు?” అంటుంది. “ఎప్పుడు?”, “నువ్వేటన్నావు?” అని మళ్ళీ అడుగుతుంది. కథ సగం పిల్ల చెబుతుంది, తక్కిన సగాన్ని నానమ్మ అడిగి రాబడుతుంది. దానికి తోడు గొంతు ఎత్తడం, చేతులు తిప్పడం, ముఖం చిట్లించడం ఉన్నాయి, ‘మరి’, ‘కదా’, ‘లే’, ‘అంట’ వంటి చిన్న మాటలు కూడా ఎంతో అర్థాన్ని మోస్తాయి. కాగితం ఏమీ అడగదు. ఎదుట లేని మనిషికి ఏమి తెలుసో, ఏమి తెలియదో రాసేవారే ఊహించుకుని, ఆ ప్రశ్నలన్నీ తమకు తామే వేసుకుని ముందుగానే జవాబులు చెప్పుకోవాలి. ఇది చేయి తిరగడానికీ గుణింతాలు రావడానికీ సంబంధం లేని వేరే విద్య. పెద్దవాళ్ళలో కూడా చాలామందికి సరిగా పట్టుబడదు; ఏ కార్యాలయానికి వచ్చే అర్జీలను చూసినా ఆ సంగతి తెలుస్తుంది.

ఈ విషయంలో లైబీరియా దేశపు వాయ్ జాతి వారి మీద జరిగిన పరిశోధన ఆసక్తికరమైనది. వారికి 19వ శతాబ్దంలో తామే కల్పించుకున్న లిపి ఉన్నది. దాన్ని బడిలో చెప్పరు, ఇళ్ళలో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని ఉత్తరాలకూ సొంత లెక్కలకూ వాడుకుంటారు. అందువల్ల చదువు వచ్చినందువల్ల కలిగే మార్పు ఏదో, బడికి వెళ్ళినందువల్ల కలిగే మార్పు ఏదో అక్కడ విడదీసి చూడటానికి వీలైంది. సిల్వియా స్క్రిబ్నర్, మైకేల్ కోల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1981లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వాయ్ లిపి వచ్చినంత మాత్రాన తర్కశక్తి మొత్తంగా పెరిగిన జాడ కనబడలేదు. కాని కొత్త ఆటను ఎదుట లేని మనిషికి అర్థమయ్యేలా వివరించడం వంటి కొన్ని పనుల్లో ఆ లిపి వచ్చినవారు మెరుగ్గా ఉన్నారు. ఉత్తరాలు రాసే అలవాటు వల్ల వచ్చిన నేర్పు అది. మీ అత్తగారికి చదువు రానందువల్ల ఆవిడ తెలివికి లోటేమీ లేదని దీన్నిబట్టి ధైర్యంగా చెప్పవచ్చు. పాపకు చేయించవలసిన అభ్యాసం కూడా ఇందులోనే ఉన్నది. వ్యాసాలు రాయించే బదులు, వేరే ఊళ్ళో ఉన్న పిన్నికో మేనమామకో ఉత్తరం రాయించండి. వారు అర్థం కానిచోటల్లా “ఎవరు? ఎక్కడ?” అని తిరిగి రాసి అడగాలి. ఫోనులో అడిగితే పాప నోటితో చెప్పేస్తుంది కాబట్టి, అడగడం కూడా కాగితం మీదనే జరగాలి.

జవాబు (టెక్కలి నుంచి):

వినడానికి ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఉద్యోగం కోసం వేరే జిల్లాలో మౌఖిక పరీక్షకు వెళ్ళినప్పుడు నేను నోరు తెరవగానే అక్కడివారు నవ్వుకున్నారు. ఆ అవమానం పడినవాడిగా చెబుతున్నాను, యాసను గౌరవించాలని మనలో మనం అనుకుంటే సరిపోదు. పాపకు పుస్తకాల తెలుగు నోటితో పలకడం కూడా రావాలి. ఇంట్లో నేర్పకపోతే ఎక్కడ వస్తుంది?

జవాబు (పాతపట్నం నుంచి, సవర అనే గిరిజన తెగ పిల్లలకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు):

టెక్కలి వారి బాధ నాకు అర్థమవుతుంది. అయితే పుస్తకాల తెలుగు రావడానికి ఇంటి మాట పోనవసరం లేదు. సవర పిల్లలు తెలుగు బడికి వచ్చినప్పుడు వారికి యాస భేదం కాదు, భాషే వేరు. సవర ముండా కుటుంబపు భాష, మన ద్రావిడ కుటుంబానికి చెందినది కాదు. పలక మీద మొదటి అక్షరాన్ని, దాని పక్కన ఉన్న బొమ్మను చూపి మనం చెప్పే పేరు ఆ పిల్లలు ఎన్నడూ వినని పేరు. తెలియని మాటకు తెలియని గుర్తు నేర్పడం ఎంత నిష్ప్రయోజనమో అక్కడ కళ్ళారా చూశాను. ఇంటి భాషలో చదవడం ఒకసారి పట్టుబడిన పిల్లలు ఆ నేర్పును తెలుగులోకి తెచ్చుకోవడం కూడా చూశాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, గోండి మొదలైన భాషల్లో తెలుగు లిపితో బహుభాషా విద్య మొదలుపెట్టడానికి కారణం ఇదే.

మన గిడుగు రామమూర్తి గారు ఈ పనిని వందేళ్ళకు ముందే చేశారు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాచకాలు తయారుచేసి, బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. వ్యావహారిక తెలుగు కోసం వాదించినదీ ఆయనే. అయినా ఎవరి ఇంట్లో మాట్లాడినట్టు వారు రాసుకోవాలని ఆయన అనలేదు, చదువుకున్నవారి వాడుకను రాతకు ప్రమాణంగా తీసుకోవాలని అన్నారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు ‘కన్యాశుల్కం’లో ఒక్కొక్క పాత్రకు దాని సొంత మాట ఇచ్చారు, గ్రాంథిక భాషనే వాడాలన్నదాన్ని కాదంటూ మద్రాసు విశ్వవిద్యాలయానికి 1914లో అసమ్మతి పత్రం ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం దాన్ని ఇంగ్లీషులో రాశారు. ఎవరికోసం రాస్తున్నామో దాన్నిబట్టి భాష మారుతుంది. పాపకు రెండూ రావాలన్న టెక్కలి వారి మాట సరైనదే గాని, ఒకటి తీసివేసి రెండోది పెట్టడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఉత్తరాల పద్ధతి రేపటి నుంచే మొదలుపెడతాను. ఒక చిన్న సందేహం మిగిలింది. పాప చెప్పే కథలను నేను రాసి తనచేత చదివించాలనుకుంటున్నాను. అత్తగారు “ఎల్లిపోనాది” అన్నదాన్ని అలాగే రాయాలా, “వెళ్ళిపోయింది” అని మార్చి రాయాలా?

జవాబు (బొబ్బిలి ఉపాధ్యాయుడు):

నానమ్మ అన్న మాటలను కొటేషన్ గుర్తుల మధ్య ఆవిడ అన్నట్టే రాయండి అమ్మా, తక్కిన కథను పుస్తకాల తెలుగులో రాయండి. ఒకే పుటలో రెండూ కనబడితే తేడా ఎందుకని పాప మిమ్మల్ని తప్పకుండా అడుగుతుంది. అడిగే దాకా మీరు వివరించనక్కరలేదు.