పదకొండు నెలల ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డి చెడిపోయింది: వారంటీకి ఇవ్వాలా, ముందు రికార్డింగులు తీసుకోవాలా?

ప్రశ్న: బ్రాడీపేట పరిశోధక విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పల్నాటి మిరప కౌలు రైతుల జీవనం నా పరిశోధనాంశం. ఏడాది కాలంగా ఊళ్లు తిరిగి, రైతులు చెప్పిన మాటలను ఫోన్‌లో రికార్డు చేసి, ఫోన్‌లో చోటు చాలక ఎప్పటికప్పుడు ల్యాప్‌టాప్‌లోకి మార్చుకొని, ఫోన్‌లోనివి తీసివేస్తూ వచ్చాను. అలా మొత్తం 61 రికార్డింగులు ఉన్నాయి. వాటికి మరో నకలు లేదు.

గత సోమవారం మూడో అధ్యాయంలో రెండు పేజీలు రాసి సేవ్ చేశాను. మర్నాడు తెరిస్తే ఆ రెండు పేజీలు లేవు. నేనే సరిగా సేవ్ చేయలేదేమో అనుకొని మళ్లీ రాశాను. బుధవారం కూడా అదే జరిగింది. గురువారం నీలి తెర వచ్చి ఆగిపోయింది. అప్పటి నుంచి బూట్ చేయడానికి ఏ డ్రైవూ లేదని చెబుతోంది. తెల్లవారుజామున మొదటిసారి ఆన్ చేసినప్పుడు మాత్రం ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ ఇవ్వమని అడుగుతోంది. ఆ కీ ఏమిటో నాకు తెలియదు, నేనెప్పుడూ పెట్టలేదు.

ల్యాప్‌టాప్ కొని పదకొండు నెలలైంది, వారంటీ ఇంకా ఇరవై రోజులే ఉంది. విజయవాడలోని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, కొత్త డ్రైవ్ ఉచితంగా వేస్తామని, పాతది తిరిగి ఇవ్వబోమని, అందులోని సమాచారానికి తమ బాధ్యత లేదని చెప్పారు. అక్కడే ఒక దుకాణంలో అడిగితే, ముందు ఫార్మాట్ చేసి ఆ తరువాత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో అన్నీ తీసిస్తామన్నారు. ఏ మాట నమ్మాలో తెలియక రెండు రోజులుగా ల్యాప్‌టాప్ ముట్టుకోకుండా ఉన్నాను. దయచేసి ఏది ముందు చేయాలో, ఏది చేయకూడదో చెప్పండి.

సమాధానం: గవర్నర్‌పేట మరమ్మతుదారు

అమ్మా, ముట్టుకోకుండా ఉంచి మంచి పని చేశావు. అలాగే ఉంచు. పద్దెనిమిదేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నవాడిగా చెబుతున్నాను, ఆ దుకాణం వాళ్లను మాత్రం ఫార్మాట్ చేయనివ్వకు. పాత హార్డ్ డిస్క్‌ల కాలంలో పొరపాటున ఫార్మాట్ చేసినా పళ్లెం మీద అయస్కాంతపు గుర్తులు మిగిలి ఉండేవి కనుక తరువాత చాలా వరకు తీయగలిగేవాళ్లం. ఎస్‌ఎస్‌డిలో, అంటే పళ్లెం లేకుండా చిప్‌లలోనే సమాచారం దాచే నీ ల్యాప్‌టాప్ డ్రైవ్ వంటి దానిలో, అలా కాదు. ఫార్మాట్ చేయగానే విండోస్ ఆ డ్రైవ్‌కు ట్రిమ్ అనే ఆజ్ఞ పంపుతుంది, ఈ భాగాలు ఇక అక్కర్లేదని చెబుతుంది, డ్రైవ్ తన వీలు చూసుకొని వాటిని నిజంగానే ఖాళీ చేస్తుంది. ఆ తరువాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ వేసినా దొరికేది సున్నాలే.

నువ్వు చెప్పిన లక్షణాల్లో నాకు ముఖ్యంగా కనిపించింది, సేవ్ చేసిన పేజీలు మర్నాటికి మాయం కావడం. అది నీ పొరపాటు కాదు. ఎస్‌ఎస్‌డిలో సమాచారాన్ని దాచే కణాలు కొన్ని పాడైనప్పుడు వాటి బదులు వాడుకోవడానికి కొంత అదనపు జాగా ఉంటుంది. అది అయిపోయినా, లోపల మరేదైనా తీవ్రమైన తేడా వచ్చినా, కొన్ని డ్రైవ్‌లు ఇక రాయడం మానేసి, చదవడానికి మాత్రమే వీలిచ్చే స్థితిలోకి వెళ్లిపోతాయి. విండోస్ రాసినట్టే అనుకుంటుంది, ఆ మార్పు తాత్కాలిక జ్ఞాపకంలో ఉన్నంతసేపు తెర మీద కనిపిస్తుంది, ఆపి మళ్లీ ఆన్ చేస్తే పాతదే వస్తుంది. నీ డ్రైవ్ ఆ స్థితిలోకి వెళ్లి ఉంటే అది ఒక విధంగా మేలే, ఎందుకంటే అప్పటిదాకా రాసినవి చాలా వరకు చెక్కుచెదరకుండా ఉండే అవకాశం ఉంది. అయితే చల్లగా ఉన్నప్పుడే కనిపిస్తోందంటే డ్రైవ్‌ను నడిపించే కంట్రోలర్ చిప్ కూడా బలహీనపడుతున్నట్టుంది. కనుక ఇంకెన్నిసార్లు ఆన్ అవుతుందో మన చేతిలో లేదు. ప్రతిసారీ పనికొచ్చేటట్టు వాడుకోవాలి.

అందుకని డ్రైవ్‌ను మళ్లీ ఆన్ చేయకముందే మిగతావన్నీ సిద్ధం చేసుకో. మొదటిది ఆ 48 అంకెల కీ. ఈ మధ్య వచ్చే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లాగిన్ కాగానే డ్రైవ్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారుతుంది, కీ ఆ ఖాతాలో భద్రమవుతుంది. నువ్వు పెట్టకపోయినా అది ఉంటుంది. ఫోన్‌లోనే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, పరికరాల జాబితా కింద రికవరీ కీలు చూడు. ల్యాప్‌టాప్ కొత్తగా తెచ్చిన రోజు ఎవరు సెటప్ చేశారో గుర్తు తెచ్చుకొని వాళ్ల ఖాతాలో కూడా వెతుకు. అలాగే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచే మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్ కూడా తెరిచి చూడు. మనకు తెలియకుండానే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అందులోకి వెళ్లి ఉండవచ్చు.

రెండోది, 1 టీబీ బయటి డ్రైవ్ ఒకటి. నీ ఎస్‌ఎస్‌డి 512 జీబీ అయితే నకలుకు అంత చోటూ కావాలి. ఆ బయటి డ్రైవ్ ఫైళ్లు అమర్చే పద్ధతుల్లో ఒకటైన ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకో మార్చుకోవాలి. ఈ చిన్న సంగతి చూసుకోక, నకలు మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టేసరికి డ్రైవ్ లేవనివాళ్లను చూశాను.

మూడోది, విండోస్ బదులు వాడుకోగల ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన పెన్‌డ్రైవ్. దాన్నుంచి ల్యాప్‌టాప్ నడిపిస్తే విండోస్ ఆ ఎస్‌ఎస్‌డి జోలికి రాదు. అందులో డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం వేసుకొని, డ్రైవ్ మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా బయటి డ్రైవ్‌లోకి ఒకే ఇమేజ్ ఫైలుగా దింపాలి. సులువుగా చదవగలిగినవి ముందు తీసుకొని, మొండికేసిన భాగాలను చివరికి వదిలిపెట్టడం దాని పద్ధతి. ఎంత వరకు వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కనుక, మధ్యలో డ్రైవ్ మాయమైనా మర్నాడు అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఈ దశలో అడ్డు కాదు, తాళం వేసిన పెట్టెను పెట్టెతో సహా మోసుకొస్తున్నాం. తరువాత నిదానంగా ఆ ఇమేజ్‌ను డిస్‌లాకర్ అనే సాధనంతో, నీ దగ్గరున్న కీతో తెరిచి ఫైళ్లు తీసుకోవచ్చు.

విండోస్‌లో డ్రైవ్‌ను పరీక్షించే చెక్‌డిస్క్ నడపవద్దు, అది దొరికిన లోపాలను అక్కడికక్కడే సరిచేయబోతుంది. ఎన్‌క్రిప్షన్ తీసేస్తే పోతుందని ఎవరైనా అంటే వినవద్దు, తీయాలంటే డ్రైవ్ మొత్తాన్ని తిరగరాయాలి, ఉన్న కాస్త ప్రాణం దానికే పోతుంది. ఫ్రీజర్‌లో పెట్టమని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. మన కృష్ణా తీరపు ఉక్కలో బయటికి తీయగానే దాని మీద నీటి తడి పడుతుంది. ఏసీ గదిలో, ల్యాప్‌టాప్ అడుగున గాలి ఆడేటట్టు పెట్టి చేస్తే చాలు.

సమాధానం: లబ్బీపేట న్యాయవాది

సాంకేతిక విషయం పై పెద్దాయన చక్కగా చెప్పారు. నేను వారంటీ సంగతి మాత్రం చెబుతాను. ఇరవై రోజులు ఉన్నాయని ఆగవద్దు. ఈ రోజే కంపెనీకి ఈమెయిల్ ద్వారా ఫిర్యాదు నమోదు చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. వారంటీ ఉండగా లోపం తెలియజేసినట్టు రాతపూర్వకమైన ఆధారం ఉంటే, మీరు నకలు తీసుకోవడానికి వారం పట్టినా భయపడనక్కర్లేదు. ఫోన్‌లో చెప్పిన మాటకు అంత బలం ఉండదు.

పాత డ్రైవ్ వెనక్కి ఇవ్వకపోవడం చాలా కంపెనీల షరతుల్లో ఉన్నదే. మార్చిన భాగం కంపెనీదవుతుంది, సమాచారానికి బాధ్యత వహించబోమని కూడా ముందే రాసి ఉంటారు. డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి సంస్థలు పాడైన డ్రైవ్‌ను కొనుగోలుదారు దగ్గరే ఉంచుకునే సౌకర్యాన్ని అదనపు రుసుముతో ఇస్తాయి, కానీ అది సాధారణంగా కార్యాలయాలు ముందుగా తీసుకునే ఏర్పాటు. అయినా ఈమెయిల్‌లో ఒక వాక్యం రాసి అడగండి. ల్యాప్‌టాప్ అప్పగించేటప్పుడు వాళ్లు ఇచ్చే రసీదులో, అంటే జాబ్ షీట్‌లో, డ్రైవ్ సీరియల్ నంబరు, సామర్థ్యం, మీరు చెప్పిన లోపం స్పష్టంగా రాయించుకోండి. నకలు తీయడానికి మీరే ల్యాప్‌టాప్ మూత విప్పవలసి వస్తే, అది వారంటీకి భంగమో కాదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. పెన్‌డ్రైవ్‌తో చేస్తే విప్పే అవసరమే రాదు.

ఒకవేళ కారణం లేకుండా నిరాకరిస్తే, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేయవచ్చు. 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. సర్వీస్ సెంటర్ విజయవాడలో ఉందని అక్కడికి తిరగవలసిన పని లేదు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు ఉండదు, గడువు రెండేళ్లు. మీకు అంత దూరం రాకపోవచ్చు.

బ్రాడీపేట పరిశోధక విద్యార్థిని:

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞురాలిని. నా ఖాతాలో కీ లేదు. ల్యాప్‌టాప్ కొన్న రోజు మా తమ్ముడు తన ఖాతాతో సెటప్ చేశాడని గుర్తొచ్చి, వాడిని అడిగితే, హైదరాబాద్ నుంచి తన ఫోన్‌లో వెతికి పంపాడు. తెర మీద కనిపించిన కీ ఐడీతో అది సరిపోయింది. వన్‌డ్రైవ్‌లో మొదటి మూడు అధ్యాయాలు దొరికాయి. కానీ ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండిపోవడంతో రికార్డింగులలో తొమ్మిదే అందులోకి వెళ్లాయి. ఈమెయిల్ ఫిర్యాదు పెట్టాను, సంఖ్య వచ్చింది. రేపు తెల్లవారుజామున నకలు మొదలుపెడతాను.

సమాధానం: అరండల్‌పేట ల్యాబ్ సహాయకుడు

అక్కా, నకలు చేతికి వచ్చాక ఉపయోగపడేవి కొన్ని చెబుతాను. సర్వీస్ సెంటర్ వాళ్లు వేసిన డ్రైవ్ మీ పాతదాని సామర్థ్యంతోనే ఉందో లేదో అక్కడే చూసుకోండి. విండోస్‌లో 512 జీబీ డ్రైవ్ 476 జీబీగా కనిపిస్తుంది, అది లెక్కించే పద్ధతిలోని తేడా మాత్రమే, మోసం కాదు. విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కనుక డ్రైవ్ మార్చినా మళ్లీ కొనవలసిన పని లేదు, ఇంటర్నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

ఖాళీ డ్రైవ్ ఇచ్చి మిమ్మల్నే విండోస్ వేసుకోమంటే, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో తయారు చేసుకోవచ్చు. ఇంటెల్ పదకొండో తరం ప్రాసెసర్ గానీ ఆ తరువాతిది గానీ ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవ్ అసలు కనిపించదు. కొత్త డ్రైవ్ కూడా పాడైందని కంగారు పడవద్దు. డ్రైవ్‌ను విండోస్ గుర్తించడానికి కావలసిన ఇంటెల్ వీఎండీ డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్ నుంచి అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, అక్కడ లోడ్ చేస్తే కనిపిస్తుంది. మా ల్యాబ్‌లో దీని మీద ఒక పూట పోయింది.

ఒకవేళ వారంటీ కుదరక సొంతంగా కొనవలసి వస్తే, ఎం.2 (ల్యాప్‌టాప్ స్లాట్‌లో అమరే సన్నని కార్డు ఆకారం) అన్న మాట ఒక్కటే చూసి కొనవద్దు. 2280 అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు. కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో 2242 మాత్రమే పడుతుంది. ఒకే ఆకారంలో, ల్యాప్‌టాప్‌తో సమాచారం మార్చుకునే పద్ధతిని బట్టి, సాటా రకం, ఎన్‌వీఎంఈ రకం రెండూ ఉంటాయి. మీ స్లాట్ ఏది తీసుకుంటుందో మోడల్ వివరాల్లో చూశాకే కొనాలి.

బ్రాడీపేట పరిశోధక విద్యార్థిని:

జరిగింది చెప్పకపోతే మీ శ్రమకు న్యాయం చేసినట్టు కాదు. నకలుకు మూడు తెల్లవారుజాములు పట్టింది. మొదటి రోజు నలభై నిమిషాలకు డ్రైవ్ మాయమైంది, నా గుండె ఆగినంత పనైంది. మ్యాప్ ఫైలు ఉండటంతో మర్నాడు అక్కడి నుంచే అందుకుంది. మూడో రోజుకు చాలా కొద్ది భాగం తప్ప అంతా వచ్చింది. తమ్ముడు పంపిన కీతో ఇమేజ్ తెరుచుకుంది. మొత్తం 61లో 58 రికార్డింగులు పూర్తిగా వినబడుతున్నాయి. ఒకటి మధ్యలో తెగింది, రెండు తెరుచుకోవడం లేదు. తీసినవాటిని వెంటనే మరో డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని మా మేనత్త ఇంట్లో ఉంచాను.

ఆ తరువాతే సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. జాబ్ షీట్‌లో సీరియల్ నంబరు రాయించుకున్నాను. పాతది ఎన్‌క్రిప్షన్‌తోనే ఉంది, కీ మా దగ్గరే ఉంది కనుక రైతుల మాటలు ఎవరి చేతిలోనో పడతాయన్న బెంగ లేకుండా ఇచ్చేశాను. నాలుగు రోజుల్లో కొత్త డ్రైవ్ వేసి ఇచ్చారు. ఈసారి కీని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైలులో పెట్టుకున్నాను.

పోయిన రెండింటిలో ఒకటి సత్తెనపల్లి దగ్గర ఒక పెద్దామె చెప్పిన నాలుగు దశాబ్దాల కౌలు లెక్కలు. ఆమెకు ఫోన్ చేసి సంగతి చెబితే, మిరప కోతలు అయ్యాక రమ్మన్నారు.

సమాధానం: గవర్నర్‌పేట మరమ్మతుదారు

సంతోషం అమ్మా. తెరుచుకోని ఆ రెండు ఫైళ్లను తీసివేయకు. ఫోన్ రికార్డింగులలో ఫైలు చివరి భాగం దెబ్బతిన్నా మొత్తం తెరుచుకోకుండా పోతుంది, లోపల మాటలు ఉండే ఉంటాయి. అదే ఫోన్‌తో చేసిన మంచి రికార్డింగు ఒకటి తోడుగా పెట్టి సరిచేసే సాధనాలు ఉన్నాయి. ఆ ఇమేజ్‌ను అలాగే ఉంచి, ఆ రెండింటి నకళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకురా, కోతల లోపల ప్రయత్నించి చూద్దాం.