అప్‌డేట్: అమ్మతో రాజమహేంద్రవరం ఒక్కరోజు యాత్ర

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు అమలాపురం నుంచి వెళ్లి, గైడు సాయంతో రాజమహేంద్రవరం ఒక్కరోజులో చూపించవచ్చా అని అడిగాను కదా. మొన్న ఆదివారం వెళ్లి వచ్చాం. చూపించవచ్చు, కానీ అన్నీ కాదు.

ముందు ధవళేశ్వరంలో, గోదావరిపై ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ దొర పేరిట ఉన్న మ్యూజియం. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట కథను గైడు చెబుతుంటే అమ్మ అక్కడి నుంచి కదల్లేదు. మా చేలకు కాలువ నీరు ఇక్కడి నుంచే వస్తుందని ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. నదిని ఎలా మళ్లించారో వివరంగా వినడం ఇదే మొదలు. గంటన్నర గడిచిపోయింది. గడవనిమ్మనే అనుకున్నాను.

తర్వాత కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం గురించి విన్నాక, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న తన మేనత్త సంగతి అమ్మ మెల్లగా చెప్పింది. ఇన్నేళ్లలో ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు.

చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రశాలకు గైడు పావుగంటే ఇచ్చారు, అది అన్యాయం. కోటిలింగాల రేవులో మెట్లు దిగలేక అమ్మ పైనుంచే గోదావరికి దండం పెట్టుకుంది.

మడత కుర్చీ వెంట తీసుకెళ్లమన్న వారికి నమస్కారాలు, ఎంతో అక్కరకు వచ్చింది. చిత్రశాల కోసమే సంక్రాంతి తర్వాత మళ్లీ వెళ్తున్నాం.