ఆదివారం యువత తగ్గుతున్నారు: లోకం పోకడా, మన లోపమా?

చర్చాంశం: ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి తెలుగు క్రైస్తవ సంఘాల్లో పదిహేనేళ్లు దాటినవాళ్లు ఆరాధనకు రావడం తగ్గడానికి కారణం ఏమిటి?

పర్లాకిమిడి సభ్యుడు:
వందనాలు. లోకం పోకడే. అమెరికాలో గాలప్ అనే సంస్థ చేసిన సర్వే ప్రకారం 1999లో నూటికి 70 మంది చర్చిలోనో, సినగోగులోనో (యూదుల ప్రార్థనా మందిరం), మసీదులోనో సభ్యులు. 2020కి 47 మంది. ఆ గాలి ఫోన్లో మన ఇళ్లకూ వచ్చింది. "సమాజముగా కూడుట మానక" అన్న బైబిలు వచనం, హెబ్రీ 10:25, గట్టిగా బోధించాలి.

గుణుపురం సభ్యుడు:
అన్నా, ఆ లెక్క అక్కడిది. ఇక్కడ మందిరం మానేసిన కుర్రాడు దేవుణ్ణి కాదనలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు అక్షరం రాదు. యోహాను 3:16 తియ్యమంటే పక్కవాడి పేజీ చూసి తిప్పుతాడు, అందరితో పాటు పెదవులు కదుపుతాడు. "అద్వితీయకుమారుడు" అంటే ఏమిటో అడగడానికి సిగ్గు. వెనక బెంచీకి జరుగుతాడు, తర్వాత గుమ్మం బయటికి. పైగా మీరు చెప్పిన వచనంలోనే "ఒకనినొకడు హెచ్చరించుచు" అని ఉంది. మన ఆరాధనలో మాట్లాడేది పాస్టరు అయ్యగారొక్కరే గదా!

రాయగడ సభ్యుడు:
ఇలా చేయొచ్చు. నలుగురు పిల్లలు, ఒక సంఘ పెద్ద కలిసి ఒక చిన్న గుంపు. మార్కు సువార్త వారానికో అధ్యాయం, 16 వారాలు. చదవడం ఒడియాలో (ఒడియా కొత్త నిబంధన 1809లోనే బెంగాల్లోని శ్రీరాంపూరులో అచ్చయింది), మాట్లాడుకోవడం తెలుగులో. గంటలో మొదటి పావుగంట, పోయిన వారం చేస్తానన్నది చేశారా అని అడగాలి. అరగంట చదువు, ప్రశ్నలు. మిగిలింది ప్రార్థన.

చెడేది ఎక్కడంటే, ఆ పెద్దే ప్రసంగం అందుకుంటాడు. ఎనిమిది మందైతే ఇద్దరే మాట్లాడతారు, కాబట్టి ఆరో మనిషి రాగానే రెండుగా విడగొట్టండి. ఒకరు చెప్పుకున్న తప్పు బయటికి పొక్కిందా, ఇక ఆ గుంపులో ఎవరూ నోరు విప్పరు.

పర్లాకిమిడి సభ్యుడు:
పద్ధతి ఒప్పుకుంటాను. కానీ అంతా ఒడియాలో చదివితే మన కీర్తనలు ఈ తరంతో ఆగిపోవా?

గుణుపురం సభ్యుడు:
కీర్తనలతోనే అక్షరాలు నేర్పండి అన్నా. నోటికొచ్చిన పల్లవిని పెద్ద అక్షరాలతో రాసి, వేలు పెట్టి పాడించండి. మాట ముందే తెలుసు కాబట్టి అక్షరం త్వరగా పట్టుబడుతుంది. వారానికి ఒక్క చరణం చాలు.

రాయగడ సభ్యుడు:
హాజరు పుస్తకంలో తలల లెక్క కాదు, పేర్లు రాయండి. వరసగా రెండు ఆదివారాలు కనిపించకపోతే బుధవారంలోగా ఆ పెద్దే ఇంటికి వెళ్లాలి. "ఎందుకు రాలేదు" అని కాదు, "ఎలా ఉన్నావు" అని మొదలుపెట్టాలి.