తెలిసిన ఇంగ్లీషు మాటే ఇంటి అగ్రిమెంటులో ఒకటి, స్కాన్ రిపోర్టులో ఇంకొకటి: బెంగళూరుకు కొత్తగా వచ్చినవాళ్లకు ఎలా నేర్పాలి?

ఆదివారం బడి, మారతహళ్ళి:

అందరికీ నమస్కారం. మారతహళ్ళి చుట్టుపక్కల పీజీల్లో ఉంటున్న తెలుగు పిల్లలకు ఆదివారాలు ఇంగ్లీషు చెబుతున్నాం. ఎక్కువమంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు. వాళ్లను ఆపేది తెలియని మాటలు కావు, తెలిసినవే. తెలియని మాటైతే ఫోన్లో వెతుక్కుంటారు. తెలిసిన మాటను ఎవరూ వెతకరు. ‘ఔట్‌స్టాండింగ్’ అంటే అద్భుతం అని బడిలో నేర్చుకున్నారు. బ్యాంకు ఉత్తరంలో ‘ఔట్‌స్టాండింగ్ అమౌంట్’ అంటే ఇంకా కట్టాల్సిన బాకీ. ‘ప్రోగ్రెసివ్’ అంటే అభ్యుదయం అనుకుంటారు. డాక్టరు కాగితంలో ఆ మాట ఉంటే జబ్బు ముదురుతూ పోయే రకమని.

రెండు విషయాలు చెప్పండి. ఏ మాటలతో మొదలుపెట్టాలి? జాబితా ఇచ్చి బట్టీ పట్టిస్తే రెండు వారాల్లో మరిచిపోతున్నారు, వేరే దారి ఏముంది? వారానికి ఒక తరగతి, గంటన్నర, ఇరవైమంది.

దస్తావేజు:

ఇంటి కాగితాలతో మొదలుపెట్టండి. మాట తప్పుగా అర్థమైతే నేరుగా డబ్బు పోయేది అక్కడే.

మొదటిది ‘లీజ్’. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తిని ప్రతిఫలం తీసుకుని అనుభవించనివ్వడమే లీజ్. అంటే నెలనెలా అద్దె కట్టే ఇల్లు కూడా చట్టం దృష్టిలో లీజే కావచ్చు. బెంగళూరులో బ్రోకరు ‘ఇది రెంట్ కాదండీ, లీజ్’ అన్నాడంటే సంగతి వేరు. కొన్ని లక్షలు ఒకేసారి ఓనరు చేతిలో పెట్టాలి, నెల అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వడ్డీ లేకుండా తిరిగి రావాలి. కన్నడ బోర్డు మీద ‘బాడిగెగె’ అని ఉంటే అద్దెకు, ‘భోగ్యక్కె’ అని ఉంటే ఈ రకం లీజుకు. మన పల్లెల్లో భూమిని భోగ్యానికి పెట్టడం తెలిసినవాళ్లకు ఇది ఇట్టే ఎక్కుతుంది. చెన్నైలో ‘ఒత్తి’ అంటారు.

ఇందులో ప్రమాదం ఎక్కడంటే, ఆ ఇల్లు అప్పటికే బ్యాంకు తనఖాలో ఉండి ఓనరు వాయిదాలు ఎగ్గొడితే బ్యాంకు దాన్ని వేలానికి పెడుతుంది. మనం ఇచ్చిన లక్షల కోసం ఓనరు చుట్టూ తిరగాలి. సంతకానికి ముందే ఈసీ చూడాలి, అసలు దస్తావేజులు చూపించమని అడగాలి. కాగితాలు బ్యాంకులో ఉన్నాయంటే అప్పు ఉన్నట్టే లెక్క. ఇక్కడ ఈసీ అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద నమోదైన అప్పులు, లావాదేవీలు చూపే పత్రం. బస్సులో ఈసీ అంటే ఎలక్ట్రానిక్ సిటీ, వార్తల్లో ఎన్నికల సంఘం. ఈ మూడూ పిల్లలకు ఒక్కసారి చెప్పి వదిలేయండి.

‘అడ్వాన్స్’ కూడా అలాంటిదే. బెంగళూరు ఇంటి బేరంలో అడ్వాన్స్ అంటే తిరిగి వచ్చే డిపాజిట్. వస్తువు కొనేటప్పుడు అడ్వాన్స్ అంటే ధరలో కొంత ముందుగా ఇవ్వడం, అది ధరలోకే పోతుంది. జీతంలో అడ్వాన్స్ తీసుకుంటే తర్వాతి నెలల్లో కోసుకుంటారు. అగ్రిమెంటులో వట్టి ‘అడ్వాన్స్’ అని రాస్తే, అది అద్దెలో కలిసిందా లేదా అని తర్వాత తగువు వస్తుంది. ‘రిఫండబుల్ సెక్యూరిటీ డిపాజిట్’ అని రాయించి, ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో కూడా పక్కనే రాయించాలి.

మిగిలినవి త్వరగా చెబుతాను. ‘ద టర్మ్’ అంటే గడువు, ‘టర్మ్స్’ అంటే షరతులు. ఆ గడువు 11 నెలలే ఎందుకు ఉంటుందంటే, ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ‘ఎగ్జిక్యూట్’ అంటే ఇక్కడ ఉరితీయడం కాదు, పత్రంపై సంతకం చేసి దాన్ని చెల్లుబాటు చేయడం. ‘కన్సిడరేషన్’ అంటే ఆలోచన కాదు, ప్రతిఫలం. సేల్ డీడ్‌లో అయితే అమ్మకం ధర. ‘క్వయిట్ ఎంజాయ్‌మెంట్’ అంటే చప్పుడు లేకుండా ఆనందించడం కాదు, గడువు ఉన్నంతకాలం ఓనరు అడ్డు తగలకుండా ఇంట్లో ఉండే హక్కు.

ఇంకొకటి. అగ్రిమెంటులో ఏదైనా మాట వాక్యం మధ్యలో కూడా పెద్దక్షరంతో మొదలైతే, దానికి నిఘంటువు అర్థం కాకుండా ఆ కాగితమే ఇచ్చిన అర్థం ఉంటుంది. మొదటి పేజీల్లో ‘షల్ మీన్’ అనే మాట ఎక్కడుందో వెతికి అక్కడినుంచి చదవడం నేర్పండి.

వార్డు నోట్స్:

దస్తావేజు గారి జాబితా మంచిదే. కానీ ఆస్పత్రి మాటలను వెనక్కు నెట్టకండి. రిపోర్టు చేతికొచ్చిన రాత్రి, డాక్టరును కలిసే లోపల, ఇంటిల్లిపాదీ దాన్ని తప్పుగా చదువుకుని కుంగిపోతారు. లేదా పట్టించుకోవాల్సింది వదిలేస్తారు.

‘అక్యూట్’ అంటే తీవ్రం అని మన తెలుగు అనువాదాల్లో ఉంటుంది. వైద్యంలో దాని అసలు అర్థం హఠాత్తుగా మొదలైనది అని. ‘క్రానిక్’ అంటే చాలాకాలంగా ఉన్నది. రెండూ కాలాన్ని చెప్పే మాటలే, జబ్బు ఎంత ఎక్కువగా ఉందో చెప్పేవి కావు. ఎంత ఎక్కువో చెప్పడానికి ‘మైల్డ్’, ‘మోడరేట్’, ‘సివియర్’ అనే మాటలు వేరే ఉన్నాయి. అందుకే ‘మైల్డ్ అక్యూట్ ప్యాంక్రియాటైటిస్’ (క్లోమం వాపు) అనే రోగనిర్ధారణ ఉంది. అక్యూట్ అంటే తీవ్రం అనుకుంటే అది అర్థం లేని మాటవుతుంది.

‘స్టేబుల్’ అంటే బాగున్నాడని కాదు, ప్రస్తుతానికి మార్పు లేదని. ఐసీయూలో ఉన్న మనిషిని కూడా స్టేబుల్ అంటారు. ‘అన్‌రిమార్కబుల్’ అంటే తీసిపారేయడం కాదు, అక్కడ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని. రిపోర్టులో అంతకంటే మంచి మాట ఉండదు. ‘ఇంప్రెషన్’ అంటే మొదటిచూపు అభిప్రాయం అనుకుని దాటేస్తారు. స్కాన్ రిపోర్టులో అది రేడియాలజిస్టు తేల్చిన సారాంశం, ముందు చదవాల్సింది అదే. ‘డిశ్చార్జ్’ ఇంటికి పంపడమూ కావచ్చు, పుండునుంచి కారే స్రావమూ కావచ్చు. ‘కల్చర్, నో గ్రోత్’ అంటే పరీక్షలో సూక్ష్మక్రిమి పెరగలేదని.

వీటన్నిటికన్నా జాగ్రత్తగా చెప్పాల్సింది ‘రూల్ అవుట్’. డాక్టరు చీటీ మీద ‘రూల్ అవుట్ టీబీ’ అని రాస్తే టీబీ ఉందో లేదో పరీక్ష చేసి తేల్చమని. ‘టీబీ రూల్డ్ అవుట్’ అంటే టీబీ లేదని తేలిపోయింది. మొదటిదాన్ని రెండోదిగా చదివితే చేయించాల్సిన పరీక్ష ఆగిపోతుంది. చీటీ మీద దీన్ని ఆర్ బై ఓ అని పొట్టిగా రాస్తారు, ఆ గుర్తు కూడా చూపించండి.

పదకోశం:

పైన ఇద్దరూ చెప్పిన మాటలన్నీ అవసరమైనవే. అయితే వాటినే జాబితాగా ఇస్తే మళ్లీ బట్టీకే వెళతాం. మాట అర్థం మాటలో ఒక్కదానిలోనే ఉండదు, పక్కనున్నదాన్ని బట్టి తేలుతుంది. ఇది మనకు కొత్త సంగతి కాదు. ‘సైంధవం తీసుకురా’ అంటే భోజనం దగ్గర ఉప్పు, ప్రయాణం వేళ గుర్రం. ‘రామలక్ష్మణులు’ అంటే అందులో రాముడు దశరథుడి కొడుకు, ‘రామార్జునులు’ అంటే పరశురాముడు, ఎందుకంటే పక్కనున్న అర్జునుడు ఆయన శత్రువు కార్తవీర్యుడు. మనవాళ్లు దీన్ని సాహచర్యం (తోడు), విరోధం (శత్రుత్వం), ప్రకరణం (సందర్భం) అని విడివిడిగా లెక్కపెట్టారు. పిల్లలకు ఈ పేర్లు అక్కర్లేదు, ఆ అలవాటు కావాలి. తెలుగులో ఆ అలవాటు వాళ్లకు పుట్టుకతోనే ఉంది. తలుపు తీయడం, ఫొటో తీయడం, రాగం తీయడం, ప్రాణం తీయడం, ఎవరూ తడబడరు. తరగతి అక్కడ మొదలుపెట్టండి.

ఇంగ్లీషులో పక్కన చూడాల్సినవి ముఖ్యంగా మూడు.

ఒకటి, తోడుగా వచ్చే మాట. ‘ఇంటరెస్ట్’ పక్కన ‘రేట్’ ఉంటే వడ్డీ. ‘రైట్, టైటిల్ అండ్ ఇంటరెస్ట్’ అని వరసగా వస్తే ఆస్తిలో హక్కు. తర్వాత ‘ఇన్ మ్యూజిక్’ అని వస్తే ఆసక్తి. ‘ఇన్’ ఒక్కటే చూసి ఆగకూడదు, ‘ఇంటరెస్ట్ ఇన్ ద ప్రాపర్టీ’ మళ్లీ హక్కే.

రెండు, వెంట ఉండే చిన్నమాట. ‘ఛార్జ్‌డ్ విత్’ తర్వాత నేరం పేరు వస్తే అభియోగం. ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’ అంటే బాధ్యత. ‘ఛార్జ్ ఫర్’ అంటే రుసుము. ‘ఛార్జ్ ఆన్ ద ప్రాపర్టీ’ అంటే ఆస్తి మీద అప్పు భారం. లాటిన్ మూలంలో ఇది బండికి బరువెత్తడం. అభియోగం, బాధ్యత, రుసుము, బ్యాటరీలో నింపే కరెంటు, అన్నీ ఆ బరువునుంచే వచ్చాయి. మూలం ఒకటే అయినప్పుడు దాన్ని చెప్పండి, బాగా గుర్తుంటుంది. అన్నిసార్లూ అలా కుదరదు. ‘టెండర్ కోకోనట్’లోని లేతదనం, ప్రభుత్వ ‘టెండర్’లోని దరఖాస్తు వేర్వేరు లాటిన్ మాటలనుంచి వచ్చి ఒకే స్పెల్లింగులో కలిశాయి. లేని చుట్టరికం కలపకండి.

మూడు, చివర చేరే ‘ఎస్’. డ్యామేజ్ నష్టం, డ్యామేజెస్ నష్టపరిహారం. సెక్యూరిటీ హామీ లేదా కాపలా, సెక్యూరిటీస్ అంటే షేర్లు, బాండ్లు. కస్టమ్ ఆచారం, కస్టమ్స్ దిగుమతి సుంకం. మినిట్స్ అంటే నిమిషాలే కాదు, సమావేశంలో ఏం జరిగిందో రాసిపెట్టిన నమోదు. లోన్ ‘శాంక్షన్’ అయితే మంజూరు, ఒక దేశం మీద ‘శాంక్షన్స్’ పెడితే ఆంక్షలు. బహువచనం ఇక్కడ లెక్కను కాదు, అర్థాన్నే మారుస్తుంది. మన వ్యాకరణం తరగతుల్లో ఇది దాదాపు ఎవరూ చెప్పరు, చెప్పి తీరాలి.

స్ప్రింట్ బోర్డు:

ఆఫీసు మాటలు నాలుగు చాలు.

‘రివర్ట్’: మన ఈమెయిళ్లలో జవాబివ్వడం. కోడ్ రాసే టీములో చేసిన మార్పును వెనక్కు తీసేయడం. ‘ప్లీజ్ రివర్ట్’ అని రాస్తే ఎదుటివాళ్లు నిజంగానే కోడ్ వెనక్కు తీసేయొచ్చు, ‘రిప్లై’ అని రాయమనండి.

‘డౌట్’: మనకు ప్రశ్న, అమెరికా వాళ్లకు అపనమ్మకం. ‘ఐ హావ్ ఎ డౌట్ ఎబౌట్ యువర్ డిజైన్’ అంటే మీ పని మీద నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. ‘క్వశ్చన్’ అనాలి.

‘టేబుల్’: బ్రిటిష్ వాడుకలో ఒక విషయాన్ని చర్చకు పెట్టడం, అమెరికన్ వాడుకలో చర్చను పక్కన పెట్టడం. ఒకే కాల్‌లో రెండు దేశాలవాళ్లూ ఉంటే ఈ మాట వాడకపోవడమే మేలు.

‘మూవ్ ఫార్వర్డ్’: బుధవారం మీటింగును రెండు రోజులు ఫార్వర్డ్ చేశామంటే కొందరు సోమవారం వస్తారు, కొందరు శుక్రవారం. తెలుగులో ‘ముందుకు జరిపారు’ అన్నా ఇదే గొడవ. తేదీ రాయాలి.

‘డిఫాల్ట్’ గురించి ఎవరూ చెప్పలేదు. బ్యాంకులో బాకీ కట్టకపోవడం, కంప్యూటర్లో ముందే పెట్టి ఉంచిన ఎంపిక. రెండింటి అడుగునా ఉన్నది ‘చేయకపోవడం’ అనే భావమే. అక్కడ కట్టలేదు, ఇక్కడ మనం ఏదీ ఎంచుకోలేదు.

ఆదివారం బడి, మారతహళ్ళి:

చాలా సంతోషం. పదకోశం గారూ, గంటన్నరలో దీన్ని ఎలా సర్దాలి? అసలు కాగితాలే వాడాలని ఉంది.

పదకోశం:

వాడండి. కానీ పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, సర్వే నంబర్లు నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేసి, ఆ ప్రతిని మళ్లీ జిరాక్స్ తీయండి. మొదటి ప్రతిని వెలుతురుకు పట్టుకుంటే కింది అక్షరాలు కనబడతాయి.

వారానికి ఎనిమిది మాటలు. ఒక్కో మాటకు రెండే వాక్యాలు, తెలిసిన అర్థంలో ఒకటి, కొత్త అర్థంలో ఒకటి. మొత్తం 16 చీటీలు. నలుగురికో జట్టు చొప్పున ఐదు జట్లు, అంటే 80 చీటీలు. మూడో అర్థాన్ని ఆ రోజు తేవద్దు, రెండు వారాలాగి తేవాలి. ఒకేరోజు నాలుగు అర్థాలు చెబితే అవి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి, మీ జాబితా ఎక్కకపోవడానికి కారణం అదే.

మొదటి 10 నిమిషాలు పోయిన వారం మాటలు. తర్వాత 20 నిమిషాలు చీటీలను ఇల్లు, ఆస్పత్రి, బ్యాంకు, ఆఫీసు, బడి అనే కుప్పలుగా వేయమనండి. అప్పటికి అర్థం చెప్పకూడదు. 25 నిమిషాలు, ఏ పక్కమాట చూసి ఆ కుప్పలో వేశారో దాని కింద గీత గీయించండి. ఇదే అసలు పని, తొందరపెట్టకండి. 20 నిమిషాలు తెలుగు అర్థం రాయించి, దాన్ని రెండో చీటీలోని వాక్యంలో పెట్టి చదివించండి. ‘మీరు కట్టాల్సిన అద్భుతం 18,000 రూపాయలు’ అని పైకి చదివితే తేడా వాళ్లకే తెలుస్తుంది. చివరి 15 నిమిషాలు సొంత వాక్యాలు.

ఆదివారం బడి, మారతహళ్ళి:

మొదటి వారానికి ఇవి అనుకుంటున్నాం: ఔట్‌స్టాండింగ్, అడ్వాన్స్, ఇంటరెస్ట్, టర్మ్, డిఫాల్ట్, రివర్ట్, అక్యూట్, ప్రోగ్రెసివ్.

వార్డు నోట్స్:

చివరి రెండూ ఒకే వారంలో వద్దండీ. రెండింటికీ పిల్లలు ‘తీవ్రం’ అనే రాస్తారు, ఆ తర్వాత విడదీయడం కష్టం. ఈ వారం అక్యూట్ ఉంచి, ప్రోగ్రెసివ్ స్థానంలో స్టేబుల్ పెట్టండి. అక్యూట్ చీటీ మీద ‘మైల్డ్’ అనే మాట తప్పనిసరిగా ఉండే వాక్యమే తీసుకోండి. గీత గీయాల్సింది దాని కిందే.