డిగ్రీ పరీక్షలకు స్క్రైబ్, అదనపు సమయం: ఎవరిని అడగాలి?

ప్రశ్న (పరకాల నుంచి ఒక అక్క):
అందరికీ నమస్కారం. మా తమ్ముడు హన్మకొండలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. చూపు బాగా తక్కువ. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో లో విజన్, 75 శాతం అని ఉంది. ఇంటర్ దాకా ఎట్లనో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు అకౌంట్స్ పేపర్లో గీతలు, గళ్లు కనిపించక వచ్చిన లెక్కలు కూడా వదిలేసి వస్తున్నాడు. కాలేజీ ఆఫీసులో అడిగితే "పరీక్ష రోజు చూద్దాంలే" అంటున్నారు. సెమిస్టర్ దగ్గర పడుతోంది, ఇంట్లో అందరికీ టెన్షన్. స్క్రైబ్‌ను, అంటే తను చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని, వాళ్లిస్తారా, మేమే తెచ్చుకోవాలా? అదనపు టైం ఎంత ఇస్తారు?

జవాబు (పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరైన ఉద్యోగి, హన్మకొండ):
అమ్మా, ఆ "పరీక్ష రోజు చూద్దాం" అనే మాటను నమ్ముకుని కూర్చోవద్దు. ఆ రోజు పరీక్ష కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్ దగ్గర ముందస్తు అనుమతి కాగితం లేకపోతే, ఆయన ఎంత మంచివాడైనా చేతులెత్తేస్తాడు.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2018 ఆగస్టు 29న మార్గదర్శకాలిచ్చింది. అందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. అంధత్వం, రెండు చేతులకూ వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు తప్పడం), ఈ మూడింటికి 40 శాతం, ఆపైన ఉంటే అడిగితే చాలు, స్క్రైబ్‌ను ఇవ్వాలి. మిగతా వాళ్లు, అంటే మీ తమ్ముడిలా లో విజన్ ఉన్నవాళ్లు కూడా, "ఇతనికి రాయడంలో ఇబ్బంది ఉంది, స్క్రైబ్ అవసరం" అని ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్ స్థాయి అధికారి సంతకంతో విడిగా ఇంకో సర్టిఫికెట్ పెట్టాలి. సదరం ఉంది కదా అని ధీమాగా వెళ్లినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ముందు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లి కంటి విభాగంలో అడగండి. నమూనా ఫారం ప్రింటు మీరే పట్టుకెళ్లండి, అక్కడ వెతికే పని తప్పుతుంది. ఈ మార్గదర్శకాలకు తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి, ఈసారి ఏ నమూనా తీసుకుంటున్నారో పరీక్షల విభాగంలో ఒక మాట కనుక్కుని ప్రింటు తీయండి.

అది చేతికొచ్చాక ప్రిన్సిపల్ పేరున దరఖాస్తు రాయండి. నోటితో అడగడం లెక్కలోకి రాదు. "పరీక్షల కంట్రోలర్‌కు ఫార్వర్డ్ చేయగలరు" అనే వాక్యం తప్పకుండా ఉండాలి. సదరం జిరాక్స్, ఆసుపత్రి సర్టిఫికెట్, హాల్ టికెట్ నంబరు జతచేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద కాలేజీ ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర పడిన కాగితాన్ని ఆఫీసులో ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

టైం గురించి అడిగారు. గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. 3 గంటల పేపరుకు కనీసం గంట ఎక్కువ రావాలి. స్క్రైబ్ వద్దనుకుని సొంతంగా రాసినా ఈ సమయం వర్తిస్తుంది. పెద్దక్షరాల ప్రశ్నపత్రం కూడా అడగవచ్చు.

జవాబు (ఎంఏ విద్యార్థి, చూపు లేదు, కాజీపేట):
అక్కా, సార్ కాగితాల సంగతి చెప్పారు. నేను స్క్రైబ్ గురించి చెప్తా, అసలు కష్టం అక్కడే. వాళ్లిచ్చే స్క్రైబ్ కన్నా మన మనిషే నయం. 2018 మార్గదర్శకాల ప్రకారం, సొంతంగా తెచ్చుకుంటే స్క్రైబ్ చదువు మనకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలి, అంటే తమ్ముడికి ఇంటర్ స్థాయి పిల్లలు. అందులో ఎంపీసీ, బైపీసీ పిల్లలైతే అకౌంట్స్ ఫార్మాట్ తెలియదు. జర్నల్ ఎంట్రీ చెప్తుంటే డెబిట్, క్రెడిట్ ఒకే గడిలో రాసేస్తారు. పరీక్షకు ముందే ఇద్దరూ కూర్చుని పాత పేపరొకటి చేయాలి. "కొత్త లైను, ఎడమ గడి, 'టు' తో మొదలు, అంకె కుడి చివర" అని చెప్పే పద్ధతి తమ్ముడికీ అలవాటవ్వాలి. ప్రశ్నను రెండుసార్లు చదివించుకోమనండి. సిగ్గుపడాల్సిన పనే లేదు.

చదువుకునే దగ్గర ఇంకో తంటా ఉంది. లెక్చరర్లు వాట్సాప్‌లో పంపే నోట్స్ ఎక్కువగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అవి వట్టి బొమ్మలే. అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) టైప్ చేసిన తెలుగు అయితే ఇంకా నవ్వొస్తుంది, ఇంగ్లిష్ అక్షరాల గోల వినిపిస్తుంది. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో వాడే మామూలు తెలుగులో, టైప్ చేసిన వర్డ్ ఫైలు అడగండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. ఆన్‌లైన్‌లో సుగమ్య పుస్తకాలయ అని మనలాంటివాళ్ల కోసం ఉన్న గ్రంథాలయం కూడా చూడండి.

ప్రశ్న (భూపాలపల్లి నుంచి ఇంకొకరు):
నాకు రాస్తుంటే చెయ్యి వణుకుతుంది. సర్టిఫికెట్లో 30 శాతమే వచ్చింది. ఇక నాకేమీ రాదా అన్నా?

జవాబు (రిటైరైన ఉద్యోగి):
వస్తుంది తమ్ముడూ. రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే జబ్బు) ఉన్న వికాశ్ కుమార్ అనే అభ్యర్థి యూపీఎస్సీ మీద వేసిన కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, స్క్రైబ్ కావాలంటే 40 శాతం ఉండి తీరాలని పట్టుబట్టకూడదని తేల్చింది. దాని తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం లోపు ఉండి రాయలేనివాళ్లకోసం కేంద్రం వేరే మార్గదర్శకాలిచ్చింది. అందులోనూ ప్రభుత్వ వైద్యుల సర్టిఫికెట్ తప్పనిసరి. సీట్ల రిజర్వేషన్ మాత్రం వేరే సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో ఉన్న 5 శాతం కోటాకు 40 శాతం ఉండాల్సిందే.

పరకాల అక్క:
చాలా థాంక్స్ సార్, తమ్ముడూ. సోమవారం ఎంజీఎంకు వెళ్తాం. మా పెదనాన్న వాళ్ల అమ్మాయి ఇంటర్ సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), స్క్రైబ్‌గా వస్తానంటోంది. పరీక్ష రోజు తనకు జ్వరం వస్తే ఎట్లా సార్?

జవాబు (రిటైరైన ఉద్యోగి):
సీఈసీ అంటే అకౌంట్స్ తెలిసిన పిల్లే, మంచిదే. అత్యవసరమైతే స్క్రైబ్‌ను మార్చుకోవచ్చని 2018 మార్గదర్శకాల్లోనే ఉంది. వేర్వేరు పేపర్లకు వేర్వేరు స్క్రైబ్‌లను కూడా పెట్టుకోవచ్చు, ఒక్కో పేపరుకు ఒక్కరే. ఇప్పుడే ఇంకొకరిని అనుకుని, వాళ్ల ఆధార్, మెమో జిరాక్స్, ఫోటోలు కూడా అదే కవర్లో పెట్టి ఉంచండి.