ఇంటర్ అవగానే పెద్ద కంపెనీలో పని, పక్కన డిగ్రీ: చెల్లిని పంపమంటారా, బీటెక్‌లో చేర్చమంటారా?

కావలి రైల్వేగేట్
మా చెల్లికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, 91 శాతం వచ్చింది. ఎంసెట్‌లో మాత్రం ర్యాంకు 58 వేలు. ఈలోపల ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు టెస్టు పెట్టి సెలెక్ట్ చేశారు. ఏడాది ట్రైనింగ్, తర్వాత అక్కడే ఉద్యోగం, ఉద్యోగం చేస్తూనే డిగ్రీ. ట్రైనింగ్‌కి లక్ష, దాని మీద జీఎస్టీ, చేతిలో లేకపోతే బ్యాంకు లోన్ ఇప్పిస్తామంటున్నారు. మా నాయన "జీతం తీసుకుంటా చదువుకునేది మంచిదే గదా" అంటాడు. అమ్మేమో "రేపు సంబంధాలొస్తే పిల్ల ఇంజనీరింగ్ అని ఎట్ట చెప్పుకునేది" అని రెండు రోజులుగా సరిగ్గా అన్నం కూడా తినట్లేదు. శనివారం లోపల సంతకం పెట్టాలి. నిజంగా చేసినోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వీడియోలు చూసి చూసి తల తిరిగిపోతోంది.

ఒంగోలు మాస్టారు
ఇంటర్ పిల్లలకి 26 ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా: వద్దు. 58 వేల ర్యాంకుకి కన్వీనర్ కోటాలో ఏదో ఒక సీటు వస్తుంది, అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది, చదువు ఉచితం. మరి ఆ లక్ష ఎందుకు కట్టాలి? పనిలోకి తీసుకునేవాడు పనిలో చేరేవాళ్ల దగ్గర డబ్బులు అడగడం ఏమిటండీ? ఇంగ్లండ్‌లో 2015 నుంచి డిగ్రీ అప్రెంటిస్‌షిప్పులు, అంటే కంపెనీలో పని చేస్తూనే డిగ్రీ చదివేవి, నడుస్తున్నాయి. అక్కడ జీతాల బిల్లు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీల దగ్గర, దాటిన మొత్తం మీద ఇలాంటి శిక్షణల ఖర్చుకని అర శాతం లెవీ (పన్ను) వసూలు చేస్తారు, 2017 నుంచి. చదివే పిల్లాడి దగ్గర ట్యూషన్ ఫీజు పైసా తీసుకోరు. ఇక్కడ మాత్రం బిల్లు మీ నాయన చేతిలో పెట్టారు.

నైట్‌షిఫ్ట్ నెల్లూరు
మాస్టారూ నమస్తే. నేను అట్లాంటి దాంట్లోనే చేశాను, వేరే కంపెనీ, పేరు ఎందుకులెండి. ఇంటర్ అయ్యాక చెన్నై వెళ్లా, 2019లో. మొదటి నాలుగు నెలలు క్లాసులు, ఆ తర్వాత స్టైపెండ్ పది వేలు. పనంటే కోడింగ్ అనుకునేరు, ఆరు నెలలు నేను చేసింది స్క్రీన్ చూడటమే. సర్వర్ బాగుంటే ఆకుపచ్చ, ఏదైనా తేడా వస్తే ఎరుపు. ఎరుపు వచ్చిందంటే టికెట్ తెరవాలి, అంటే సిస్టమ్‌లో ఫిర్యాదు రాసిపెట్టాలి, అర్ధరాత్రి ఎవర్నో ఒకర్ని నిద్ర లేపాలి, వాళ్ల చేత తిట్లు తినాలి, పచ్చగా మారాక టికెట్ మూసేయాలి. శనివారం నైట్ డ్యూటీ దిగి ఆదివారం తొమ్మిదింటికి డిగ్రీ క్లాసుకి కూర్చునేవాణ్ణి. రూములో నలుగురం, టేబుల్ లేదు, బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్. డిస్క్రీట్ మ్యాథ్స్ రెండుసార్లు తప్పాను, సారు చెప్పేటప్పుడు నిద్ర ఆగేది కాదు.
అయినా సరే, ఇప్పుడు అడిగితే మళ్లీ అదే చేస్తానంటా. నాతో ఇంటర్ చదివినోళ్లు బీటెక్ చేసి ఇంటర్వ్యూలకి తిరుగుతుంటే నాకు అప్పటికే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది. స్క్రీన్ చూసే పని నుంచి బతిమాలి బతిమాలి డేటాబేస్ టీమ్‌లోకి మారా, అక్కణ్ణుంచే జీతం కదిలింది. మారకపోయుంటే ఇప్పటికీ ఎరుపు, పచ్చే.

టంగుటూరు బేరన్
మా అక్క కొడుకు కూడా ఇట్టాగే చేరాడు. చేరేటప్పుడు పోస్టింగ్ చెన్నైలోనే అన్నారు, తీరా ట్రైనింగ్ అయ్యాక పూణె వేశారు. వాడికి భాష రాదు, తిండి పడలేదు, 14 నెలలకి వచ్చేస్తానన్నాడు. అప్పుడు బయటపెట్టారు బాండు కాగితం. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అందులో ఉంది, చేరేరోజు ఎవరూ చదవలా. ఆ సంవత్సరం పొగాకు రేటు బాగుంది కాబట్టి మా బావ కట్టగలిగాడు, లేకపోతే అంతే సంగతులు. టెన్త్ ఒరిజినల్ మార్కుల లిస్టు కూడా వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు, దానికోసం మూడు నెలలు తిరిగారు. తమ్ముడూ, ఏం చేసినా చెయ్యండి, ఒరిజినల్స్ మాత్రం ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోండి.
ఇంకోటి. లెటర్‌లో అప్రెంటిస్ అని ఉందా, ట్రైనీ అని ఉందా, ఎంప్లాయీ అని ఉందా చూడు. అప్రెంటిస్ అయితే 1961 చట్టం ప్రకారం వాడు శిక్షణలో ఉన్నవాడే తప్ప కార్మికుడు కాదు, పీఎఫ్ కూడా ఉండదు. నోటితో ఉద్యోగం అంటారు, కాగితం మీద ఇంకోటి ఉంటుంది.

పామూరు పిల్ల
బీటెక్ బీటెక్ అంటున్నారు కదా, నేను థర్డ్ ఇయర్ సీఎస్‌ఈ, మా కాలేజీ సంగతి వినండి. ల్యాబ్‌లో 60 మందికి 22 సిస్టమ్‌లు పనిచేస్తాయి, మిగతావి ఇన్‌స్పెక్షన్ రోజు కవర్ తీసి చూపించడానికి. మా సీనియర్లు ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కొచ్చారు, వైవాలో అడిగితే టైటిల్ కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. రీయింబర్స్‌మెంట్ పడలేదని హాల్‌టికెట్ ఆపితే మా నాన్న బంగారం పెట్టి కట్టాడు. ఉచితం అని మాస్టారు అన్నది ఆ ఉచితం.
కానీ అన్నయ్యా, ఒక మాట. మాకు నాలుగేళ్లు ఉన్నాయి. ఫస్టియర్‌లో ఏమీ రాకపోయినా సర్దుకోవడానికి టైముంది, సెలవులున్నాయి, జ్వరమొస్తే ఇంటికి పోవచ్చు. 17 ఏళ్లకే షిఫ్టులు అంటే నాకైతే భయమే. నైట్ షిఫ్టుకి క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, హాస్టల్ కంపెనీదేనా, ఇవి అడిగారా మీరు?

ఒంగోలు మాస్టారు
అమ్మాయ్, ఉచితం అన్నది నా పొరపాటే, ఒప్పుకుంటున్నా. అయినా నా అభిప్రాయం మారలేదు. రేపు ఈ పిల్ల అమెరికాలో ఎంఎస్ చేస్తానంటే? అక్కడ చాలా యూనివర్సిటీలు 16 ఏళ్ల చదువు అడుగుతాయి, మూడేళ్ల బీసీఏ అయితే 15 దగ్గర ఆగిపోతుంది. కళ్లముందు జీతం కనపడుతోందని దారి మూసుకోవద్దు.

నైట్‌షిఫ్ట్ నెల్లూరు
కావలిలో ఇంటర్ అయిన ప్రతి పిల్లా అమెరికా పోవాలా మాస్టారూ 🙂 గ్రూప్స్‌కి ఏదైనా గుర్తింపున్న డిగ్రీ చాలు, బ్యాంకు పరీక్షలకీ అంతే. డిగ్రీ ఏ యూనివర్సిటీ ఇస్తోంది, మూడేళ్లదా నాలుగేళ్లదా అనేది అడగాల్సిన మాటే, అది ఒప్పుకుంటా. ఇంటర్ వాళ్లని ఇట్లాగే తీసుకునే హెచ్‌సీఎల్ టెక్‌బీలో బిట్స్ పిలానీ, శాస్త్ర, అమిటీ లాంటి యూనివర్సిటీలు ఉండేవి. నాకొచ్చిన డిగ్రీ పేరు చెప్తే నెల్లూరులో ఎవరికీ తెలియదు, ఇంటర్వ్యూలో స్పెల్లింగ్ చెప్పుకోవాల్సి వస్తుంది.

చీమకుర్తి రాయి
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మూడో దారి ఎవరూ చెప్పలేదు. ఇక్కడే బీఎస్సీ కంప్యూటర్స్ చేసి, ఆ తర్వాత విప్రో విల్ప్ లాంటి దానికి రాయొచ్చు. అది బీసీఏ, బీఎస్సీ వాళ్లకి, ఉద్యోగం చేస్తూ ఎంటెక్, ఫీజు కంపెనీదే. కాకపోతే 60 నెలల అగ్రిమెంటు ఉంటుంది, ఐదేళ్లు కదలకుండా ఉండాలి. మా మరదలు అందులోనే ఉంది, బాగానే ఉందంటోంది, ఐదేళ్లు అయ్యాక అడగాలి అసలు సంగతి.

టంగుటూరు బేరన్
20 ఏళ్లకి ఐదేళ్ల సంతకం వేరు, 17కి వేరు. 17 ఏళ్ల పిల్ల సంతకం చట్టప్రకారం చెల్లదు, అందుకే తండ్రి చేత పెట్టిస్తారు. అంటే ఆ అప్పు మీ నాయనది, తమ్ముడూ.

కావలి రైల్వేగేట్
అందరికీ థ్యాంక్స్. మీరడిగినవన్నీ రాసుకుని ఇవాళ పొద్దున ఫోన్ చేశాను. పోస్టింగ్ ఎక్కడో ఇప్పుడే చెప్పలేమన్నారు, క్యాబ్ ఉందన్నారు, హాస్టల్ సొంత ఖర్చు. డిగ్రీ మూడేళ్లది. ఒరిజినల్స్ అడగరట, అది మెయిల్‌లో రాసి పంపమంటే "చూస్తాం" అన్నారు. బాండు కాగితం సంతకం రోజే చూపిస్తామన్నారు, ముందు పంపితేనే వస్తామని నేను కూడా గట్టిగానే చెప్పా. చివరికి సోమవారం దాకా టైమిచ్చారు. నాయన కౌన్సెలింగ్ మొదటి విడతలో ఏ కాలేజీ వస్తుందో చూద్దాం అంటున్నాడు, అది ఆ లోపల అవుతుందో లేదో.
చెల్లి పక్కనే కూర్చుని ఇవన్నీ చదివింది. బియ్యం డబ్బా మాట దగ్గర నవ్వింది, బాండు దగ్గర నవ్వలేదు. డిస్క్రీట్ మ్యాథ్స్ అంటే ఏంది, అంత కష్టమా అని అడుగుతోంది మాస్టారూ.

ఒంగోలు మాస్టారు
కష్టం కాదు, నిద్ర చాలితే. ఆదివారం తీసుకురండి, కావలి నుంచి బస్సెక్కితే గంటన్నర. ఒక పూట చెప్పి చూస్తాను, సోమవారం ఫోన్ చేసేలోపు మీకే తెలుస్తుంది ఆ పిల్లకి ఇది ఇష్టమో కాదో. బాండు కాగితం వస్తే అది కూడా తెండి, నేనూ చదువుతాను.