అమెరికా విప్లవానికి కారణం పన్నులేనా?

కృష్ణాతీరం:
"ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు" అన్న నినాదం స్కూల్లో అందరం చదువుకున్నదే. కానీ ఆ రోజుల్లో బ్రిటన్ ప్రజలు కట్టే పన్నులతో పోలిస్తే అమెరికాలో దాని పాలన కింద ఉన్న వలస రాజ్యాల వాళ్లు కట్టింది చాలా తక్కువ. ఏడేళ్ల యుద్ధంలో ఫ్రెంచివాళ్లను ఓడించడానికి బ్రిటన్ తలకు మించిన అప్పు చేసింది. లాభపడిన మీరూ కొంత భరించండి అంటే తప్పేముంది? డబ్బు ఎగ్గొట్టడానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకున్నారనిపిస్తోంది. మీరేమంటారు?

చరిత్రప్రియ:
పన్ను తక్కువన్నది నిజమే. కానీ గొడవ ఎంత కట్టాలన్న దాని మీద కాదండీ, ఎవరు వేయాలన్న దాని మీద. వర్జీనియాలో 1619 నుంచే సొంత సభ ఉంది. మిగతా వలసల్లోనూ తమ పన్నులు తమ సభలే వేసుకోవడం తరతరాలుగా అలవాటైపోయింది. అలాంటిచోట 1765లో బ్రిటన్ పార్లమెంటు చేసిన స్టాంపు చట్టం వచ్చిపడింది. పత్రికకు స్టాంపు, దస్తావేజుకు స్టాంపు, చివరికి పేకముక్కలక్కూడా. జనం తిరగబడేసరికి మరుసటి ఏడాదే రద్దు చేశారు. అయితే అదే రోజున, మీ మీద ఎలాంటి చట్టమైనా చేసే అధికారం మాకుందని పార్లమెంటు ఇంకో చట్టం తెచ్చింది. పన్ను పోయింది గానీ అనుమానం పోలేదు.

1773 టీ చట్టం వల్ల నిజానికి టీ చవకైంది! అప్పుల్లో మునిగిన ఈస్టిండియా కంపెనీని గట్టెక్కించడానికి, దాని టీని నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చారు. టీ మీద పార్లమెంటు వేసిన పాత సుంకం మాత్రం తీయలేదు. ఆ చవక టీనే డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెలు పారబోశారు. టీని దొంగచాటుగా తెచ్చి అమ్మే వ్యాపారుల హస్తం ఉందంటారు, ఉంది. కానీ కంపెనీ బెంగాల్‌ను ఎలా పీల్చి పిప్పి చేసిందో చూడండి, రేపు మన గతీ అంతే అని అక్కడి నాయకుడు జాన్ డికిన్సన్ అప్పుడే రాశాడు. మన దేశంలో జరుగుతున్నది వాళ్లను అంతగా భయపెట్టింది.

అయినా అప్పటికి అది కోపమే, విప్లవం కాదు. నా లెక్కలో అసలు మలుపు 1774. టీ పారబోసినందుకు శిక్షగా పార్లమెంటు బోస్టన్ రేవును మూసేసింది. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలసలో గవర్నర్ అనుమతి లేకుండా ఏడాదికి ఒక్కసారి మించి ఊరి సభ పెట్టకూడదన్నారు. గవర్నర్ సలహా మండలిని ఇకపై రాజే నియమిస్తాడన్నారు. దాంతో సెప్టెంబరు 6న వూస్టర్ అనే చిన్న ఊరికి 37 ఊళ్ల నుంచి నాలుగున్నర వేల మందికి పైగా వచ్చి కోర్టు జరగనివ్వలేదు. రెండు వరసల్లో నిలబడి, జడ్జీలను, అధికారులను మధ్యలోంచి నడిపించారు. వాళ్లు టోపీలు తీసి చేత్తో పట్టుకుని, కొత్త చట్టం కింద పనిచేయబోమన్న కాగితాన్ని అందరికీ వినపడేలా మళ్లీ మళ్లీ చదువుతూ పోవాల్సి వచ్చింది. ఒక్క తూటా పేలలేదు. యుద్ధానికి తెరతీసిన లెక్సింగ్టన్ కాల్పులు 1775 ఏప్రిల్ 19న. దానికి ఏడు నెలల ముందే, బోస్టన్ దాటితే ఆ వలసలో రాజు మాట చెల్లడం లేదు.

ఓరుగల్లు:
ఇదంతా మసాచుసెట్స్ కథ. వర్జీనియా తోటల యజమానులకు ఆ ఊరి సభలతో ఏం పని? అపలాచియన్ కొండలకు పడమర స్థిరపడొద్దని రాజు 1763లో ఆజ్ఞ ఇచ్చాడు. వాషింగ్టన్ లాంటి వాళ్ల కన్ను ఆ భూముల మీదే. 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్మోర్, తిరుగుబాటుదార్ల బానిసలు తన సైన్యంలో చేరితే విడుదల చేస్తానన్నాడు. అప్పటిదాకా ఊగిసలాడినవాళ్లు కూడా అటు దూకేశారు. సుమారు 25 లక్షల జనాభాలో 5 లక్షల మంది బానిసలే. ఆ స్వేచ్ఛ ఎవరికో కూడా చెప్పండి.

చరిత్రప్రియ:
ఓరుగల్లు గారూ, అందులో కాదనడానికేం లేదు. స్వాతంత్ర్య ప్రకటనలోనే స్థానిక తెగలను దయలేని అనాగరికులన్నారు. ఈ మచ్చను దాచకూడదు. కానీ తేదీలు చూడండి. డన్మోర్ ఆ ప్రకటన చేసేనాటికే రాజధాని విలియమ్స్‌బర్గ్ వదిలి ఓడలో తలదాచుకుంటున్నాడు. పాలన అప్పటికే చేజారింది. అదెలా జారింది? 1774 మేలో, బోస్టన్ రేవు మూసివేతకు నిరసనగా ఉపవాస దినం పాటించాలని వర్జీనియా సభ తీర్మానిస్తే, ఈ డన్మోరే సభను రద్దు చేశాడు. సభ్యులు మర్నాడు రాలీ సత్రంలో కూర్చుని, వలసలన్నీ కలిసి ఒక కాంగ్రెస్ పెట్టుకుందామని పిలుపునిచ్చారు. భూమి ఆశ, బానిసల భయం రెండూ ఉన్నాయి. కానీ వర్జీనియాను, మసాచుసెట్స్‌ను ఒకచోటికి చేర్చింది మాత్రం మూతపడ్డ సభలే.

కృష్ణాతీరం:
సత్రం సంగతి ఇప్పుడే వింటున్నాను. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఆ అప్పు ఎవరు తీర్చాలి?

చరిత్రప్రియ:
వాళ్ల సభలను అడిగి ఉండాల్సింది. ఏడేళ్ల యుద్ధంలోనే బ్రిటన్ మంత్రి విలియం పిట్ అలా అడిగాడు, ఖర్చులో కొంత తిరిగిస్తానని మాటిచ్చాడు. అప్పుడు ఆ సభలే వేలమంది సైనికులను, డబ్బును సమకూర్చాయి.